కేస్ ఫ్యాన్ చప్పుడు: శబ్దాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

కంప్యూటర్ పెట్టె (కేస్)లో చప్పుడు ఏ ఫ్యాన్‌దో తేల్చుకోకుండా కొత్త ఫ్యాన్లు కొనవద్దు. కంప్యూటర్‌ను ఆపి, పవర్ కేబుల్ తీసి, ఒక కేస్ ఫ్యాన్ కనెక్టర్‌ను ఊడదీసి, మళ్లీ ఆన్ చేసి కొద్ది నిమిషాలు వినండి. ఇలా ఒక్కొక్క ఫ్యాన్‌నూ పరీక్షించాలి. సీపీయూ (ప్రాసెసర్ చిప్) పైన ఉండే ఫ్యాన్‌ను మాత్రం తీయకూడదు.

సమస్య: ఏ పనీ లేనప్పుడు కూడా ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంది.
3 పిన్నుల ఫ్యాన్‌ను మదర్‌బోర్డుపై పీడబ్ల్యూఎం పద్ధతిలో (వోల్టేజీని మార్చకుండా, నాలుగో పిన్ను సంకేతంతో వేగాన్ని మార్చే విధానంలో) ఉన్న 4 పిన్నుల కనెక్టర్‌కు తగిలిస్తే, దానికి ఎప్పుడూ 12 వోల్టులు అందుతూనే ఉంటాయి. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగలిగే సెట్టింగుల తెరలో) ఆ కనెక్టర్‌ను డీసీ పద్ధతికి, అంటే వోల్టేజీని మార్చి వేగాన్ని మార్చే విధానానికి, మార్చితే వేగం అదుపులోకి వస్తుంది.

సమస్య: ఫ్యాన్ హోరు ఉన్నట్టుండి పెరిగి, వెంటనే తగ్గుతుంది.
నా దృష్టిలో అన్నిటికంటే చికాకు పెట్టేది ఇదే, ఎందుకంటే నిలకడగా ఉండే హోరుకు చెవి అలవాటుపడుతుంది గానీ మారే హోరుకు అలవాటుపడదు. ఒక ప్రోగ్రామ్ తెరిచిన క్షణంలో సీపీయూ ఉష్ణోగ్రత పది డిగ్రీలకు పైగా ఎగబాకి, కొన్ని సెకన్లలోనే దిగిపోవచ్చు. ఆ కాస్త వేడిని సీపీయూ పైన ఉండే హీట్‌సింక్ లోహమే ఇముడ్చుకోగలదు కనుక, కేస్ ఫ్యాన్ దాని వెంట పరుగెత్తడం వల్ల ప్రయోజనం ఉండదు. బయోస్‌లోని ఫ్యాన్ కర్వ్‌లో (ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చూపే గీతలో) 60 డిగ్రీల వరకు గీతను దాదాపు సమంగా ఉంచి, ఆపైన మెల్లగా పెంచండి. వేగం మారడానికి పట్టే వ్యవధిని పెంచే సదుపాయం ఉంటే దాన్ని కూడా వాడండి. ఒకే ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి కూడా సుమారు సగమవుతుంది, కానీ శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే వేగంగా తిరిగే ఒక ఫ్యాన్ కంటే నిదానంగా తిరిగే రెండు ఫ్యాన్లు మేలు.

సమస్య: గుయ్‌మనే మోత అలలు అలలుగా వినిపిస్తుంది.
ఒకే రకం ఫ్యాన్లు రెండు కొంచెం తేడా వేగాలతో తిరుగుతున్నప్పుడు వాటి శబ్దాలు కలిసి ఇలా ఊగుతాయి. ఉదాహరణకు 7 రెక్కల ఫ్యాన్లు నిమిషానికి 1000, 1020 చుట్లు తిరిగితే, ఆ ఊపు సెకనుకు రెండుసార్లకు పైగా వస్తుంది. రెండింటి వేగాల మధ్య వంద చుట్లకు మించిన తేడా పెట్టండి.

సమస్య: కేస్ అంతా కంపిస్తుంది.
పక్క పలకను అరచేతితో నొక్కినప్పుడు మోత తగ్గితే కారణం కంపనమే. స్క్రూలకు బదులు రబ్బరు పిన్నులు వాడండి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ కూడా సెకనుకు 120 సార్ల కంపనాన్ని కేస్‌కు అందిస్తుంది కాబట్టి, నిందను ఫ్యాన్‌పై మోపే ముందు డిస్క్ కింద కూడా రబ్బరు ఉందో లేదో చూడండి.

సమస్య: టిక్‌టిక్‌మనే శబ్దం లేదా గరగర.
ముందు రెక్కలకు ఏదైనా వైరు తగులుతోందేమో చూడండి. వైరు కాకపోతే అది చాలావరకు అరిగిన బేరింగ్. నూనె వేస్తే కొన్నాళ్లు ఊరుకున్నా మళ్లీ మొదలవుతుంది కనుక ఫ్యాన్‌ను మార్చడమే మంచిది.

దుమ్ము పట్టిన ఫిల్టర్ వల్ల ఒట్టి గాలి హోరు కూడా పెరుగుతుంది. దుమ్మును ఊదేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

వేగం తగ్గించిన తరువాత అరగంటపాటు బరువైన పని పెట్టి, సీపీయూ, గ్రాఫిక్స్ కార్డుల ఉష్ణోగ్రతలను గమనించండి; అవి ఆగకుండా పెరుగుతూనే ఉంటే కర్వ్‌లోని పై భాగాన్ని మాత్రం కొంచెం ఎత్తండి.