రీఫ్ ట్యాంకులో చేపలకు పొసగడం లేదా? సమస్య - పరిష్కారం

రీఫ్ ట్యాంకు అంటే ఉప్పునీటిలో చేపలతో పాటు బతికున్న పగడాలు (కోరల్) పెంచే అక్వేరియం. కింద చెప్పే లెక్కలన్నీ 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకుకు. రాళ్లు, ఇసుక పోను అందులో 150 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. నాలుగైదు చిన్న చేపలకు సరిపోతుంది. బ్లూ టాంగ్‌కు మాత్రం ఎంత ముచ్చటపడ్డా చాలదు, దానికి ఆరడుగుల ట్యాంకు కావాలి.

కొత్త చేప మూలకు నక్కింది, రెక్కలు చిరిగాయి, మేతకు రావడం లేదు

ముందుగా డామ్సెల్ అనే చిన్న చేపను అనుమానించండి. చవక, మొండి ప్రాణం. అందుకే దుకాణాల్లో కొత్తవాళ్లకు మొదట దాన్నే అంటగడతారు. కొన్ని వారాలకే ట్యాంకంతా తనదే అనుకుని, తర్వాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది. మెరూన్ క్లౌన్ కూడా తక్కువేం కాదు.

దెబ్బలు తిన్న చేపను కాదు, కొట్టేదాన్ని బయటకు తీయాలి. వలతో వెంటపడితే రాళ్లన్నీ ఎత్తాల్సి వస్తుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా మెడ కోసి, దాన్నే తిరగేసి లోపలికి దోపండి. ఒక పూట మేత ఆపి, సీసాలో కొంచెం మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవుల మేత) వేసి రాళ్ల పక్కన పడుకోబెట్టండి. దూకుడు చేపే ముందు దూరుతుంది. దాన్ని చిల్లుల డబ్బాలో ఉంచి, ఆ డబ్బాను ట్యాంకులోనే వేలాడదీయండి. నాలుగైదు రోజుల్లో కోరల్ అతికించని రాళ్ల చోట్లు మార్చి, లైట్లు ఆర్పాక వదలండి. మళ్లీ తరిమితే దుకాణంలో తిరిగి ఇచ్చేయడమే. దాని తిక్క కుదర్చడానికి ఇంకో డామ్సెల్ తేవద్దు.

అసలు ఈ గొడవ రాకుండా ఉండాలంటే సాధు చేపలు ముందు రావాలి: మొదట ఫైర్‌ఫిష్ ఒకటి, తర్వాత వాచ్‌మన్ గోబీ, రాయల్ గ్రామా, చివరికి అసెల్లారిస్ క్లౌన్ జంట. ఒక్కోదానికి మధ్య రెండు మూడు వారాలు ఆగండి. ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్నవాటిని కలపకండి. గ్రామా ఉన్నచోట అదే రంగుల డాటీబ్యాక్ వేస్తే రోజూ కుస్తీయే.

క్లౌన్‌లను ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చూసి రెండే తీసుకోండి. పెద్దది ఆడది అవుతుంది. చిన్నది దాని ముందు పక్కకు వాలి వణికితే రోగమనుకోకండి, పెద్దదానికి దండం పెడుతోంది.

కోరల్ ముడుచుకునే ఉంటోంది, రొయ్యలు మాయం

బటర్‌ఫ్లై చేపల్లో ఎక్కువ రకాలకు కోరల్ మేతే. కోరల్ బ్యూటీ లాంటి మరగుజ్జు ఏంజెల్‌ను ముందే నమ్మలేం, కొన్ని ముట్టవు, కొన్ని రోజూ కొరుకుతాయి. హాక్‌ఫిష్, లయన్‌ఫిష్ చిన్న రొయ్యలను మింగేస్తాయి. వీటికి సర్దుబాటు లేదు, తీసేయాల్సిందే.

మాండరిన్ చేప పొట్ట లోపలికి పోయింది

ఆకలి. అది రాళ్లపై పాకే కోపిపాడ్లు అనే నలుసంత జీవులనే రోజంతా ఏరుకుని తింటుంది. కొత్త ట్యాంకులో అవి చాలవు, ఏడాది దాటేదాకా కొనకండి.

ఫైర్‌ఫిష్ కనబడటం లేదు

ట్యాంకు వెనక నేల మీద చూడండి. బెదిరితే ఎగిరి బయట పడుతుంది. పైన సన్నటి జాలీ మూత తప్పనిసరి.

తెచ్చిన రోజే చనిపోయింది

హైదరాబాద్ నుంచి పాలమూరుకైనా నల్గొండకైనా సుమారు వంద కిలోమీటర్లు. దారిలో కవరు నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది. అందువల్ల చేప వదిలిన అమ్మోనియా అంతగా హాని చేయదు. మూతి విప్పగానే పీహెచ్ పెరిగి అదే అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి మూతి విప్పకుండానే కవరును 15-20 నిమిషాలు నీటిపై తేలనివ్వండి. విప్పాక గంటలకొద్దీ ట్యాంకు నీటిని చుక్కలు చుక్కలుగా కవరులో కలుపుతూ కూర్చోకండి. చాలా దుకాణాలు ఉప్పు తక్కువగా ఉంచుతాయి. నీటి సాంద్రతను బట్టి ఉప్పు కొలిచే లెక్కలో కవరు నీరు 1.020, మీది 1.025 అయితే క్వారంటైన్ తొట్టిని 1.020కి సిద్ధం చేసి, చేపను అందులోకి మార్చి, కొన్ని రోజుల మీద పెంచండి. ఎలాగూ నాలుగు వారాలు అక్కడే ఉంచాలి. తెల్లమచ్చల రోగానికి కాపర్ మందు వాడేదీ ఆ తొట్టిలోనే, రీఫ్‌లో వేస్తే రొయ్యలు, కోరల్ పోతాయి.

చేపలన్నీ పైకొచ్చి రొప్పుతున్నాయి

కొత్త ట్యాంకులో అయితే అమ్మోనియా, నైట్రైట్ కొలవండి, రెండూ సున్నా ఉండాలి. అక్కడికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రెండూ సరిగా ఉంటే వేడిని చూడండి. మే నెలలో గది వేడికి నీరు 30 డిగ్రీలు దాటుతుంది, కరెంటు పోతే పంపు కూడా ఆగుతుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి. మన పొడి ఎండల్లో నీటిపై చిన్న ఫ్యాన్ బాగా పనిచేస్తుంది, రెండు మూడు డిగ్రీలు దించుతుంది. ఆవిరైనంత నీటిని ఆర్వో-డీఐ (వడగట్టి లవణాలు తీసేసిన) నీటితోనే నింపండి. ఉప్పునీరు పోస్తే ఉప్పు పెరుగుతుంది, బోరు నీళ్లు పోస్తే నాచు పెరుగుతుంది.