హస్తకళల మేళాలో స్టాలుకు గుడ్డ బ్యానర్: తయారు చేయడం, కట్టడం ఎలా?

అనంతపురం, ధర్మవరం ప్రాంతాల నుంచి మేళాలకు వెళ్లి స్టాలు పెట్టేవారిలో చాలామంది సరుకు విషయంలో ఎంతో శ్రద్ధ తీసుకుంటారు గానీ, బ్యానర్ సంగతి ముందురోజు రాత్రి దాకా పట్టించుకోరు. చివరికి ఏదో ఒక ఫ్లెక్సీ ముద్రింపించి నాలుగు మూలలా తాళ్లు బిగించేస్తారు. చేత్తో చేసిన వస్తువుల ముందు చేత్తో రాసిన గుడ్డ బ్యానర్ ఉంటేనే అందం, పైగా ఒకసారి చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. 100 మైక్రాన్ల కంటే పలుచనైన ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సులువుగా అర్థం కావడానికి, ఇక్కడ ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మల దీపాలు అమ్మే స్టాలును ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఏమి రాయాలి?

దారిన పోయేవారు బ్యానర్ వైపు చూసేది రెండు మూడు క్షణాలే కాబట్టి, అమ్మే వస్తువు పేరు పెద్దగా, ఊరి పేరు దాని కింద కొంచెం చిన్నగా ఉంటే చాలు. ఫోన్ నంబరు, ధరలు, ‘నమస్కారం’, ‘సుస్వాగతం’ వంటివి బల్ల మీద పెట్టే అట్టపై రాసుకోవచ్చు. ఊరి పేరును మాత్రం వదలకూడదు. నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించిన తరువాత ఆ పేరు విన్నవారు మరింత పెరిగారు, ఆ గుర్తింపు స్టాలుకు పెట్టుబడి లాంటిది. జిల్లా పేరు రాయాలనుకుంటే, 2022 ఏప్రిల్ నుంచి ధర్మవరం ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉందని గమనించాలి. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ముద్రను, దాని అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోనివారు బ్యానర్ మీద వేయకూడదు.

గుడ్డ, కొలతలు

స్టాలు ముఖం 10 అడుగులు ఉంటే బ్యానర్ 8 అడుగులు సరిపోతుంది, తాళ్లకు రెండు వైపులా ఒక్కో అడుగు మిగులుతుంది. 36 అంగుళాల పన్నా ఉన్న మందపాటి కోరా గుడ్డ 3 మీటర్లు తీసుకుని, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉతికి ఆరేయాలి. నూలు గుడ్డ మొదటి ఉతుకులోనే ముడుచుకుంటుంది కాబట్టి, ఈ పని చేయకుండా రాస్తే తరువాత అక్షరాల చుట్టూ గుడ్డ ముడతలు పడుతుంది. ఆరాక పలుచని గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కుంచె సాఫీగా నడుస్తుంది. పైన రెండున్నర అంగుళాలు, కింద రెండు అంగుళాలు మడిచి, కర్ర దూరేటట్టు నేఫా కుట్టించాలి. పక్కల అంచులను రెండు మడతలు వేసి కుట్టిస్తే చాలు. ఇవన్నీ పోగా బ్యానర్ ఎత్తు సుమారు రెండున్నర అడుగులు వస్తుంది.

అక్షరాలు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అనే లెక్క ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు సంబంధించినది, దాన్ని తెలుగుకు యథాతథంగా వాడితే చాలదు. తెలుగులో అక్షరం ఒళ్లు ఒక ఎత్తు ఉంటే, దాని పైన గుడి, ఏత్వం, కింద వత్తు ఉంటాయి. ‘తోలుబొమ్మల దీపాలు’ అనే మాటల్లో ‘తో’, ‘దీ’ పైకి లేస్తాయి, ‘మ్మ’ కిందికి దిగుతుంది. అందువల్ల అక్షరం ఒళ్లు 5 అంగుళాలు పెట్టుకుంటే, పైన 3, కింద 3 అంగుళాలు ఈ గుర్తులకే వదిలిపెట్టాలి. ‘నిమ్మలకుంట’కు ఒళ్లు 4 అంగుళాలు, పైన 2, కింద 3 సరిపోతాయి. ఆ ఖాళీ వదలకపోతే మొదటి వరుసలోని మ వత్తు దిగివచ్చి రెండో వరుసలోని గుడిని తాకుతుంది, దూరం నుంచి చూసేవారికి ఆ రెండూ కలిసి ఏ అక్షరమో తెలియని ముద్దలా కనిపిస్తాయి. ‘ధర్మవరం’ వంటి పేరు రాసేటప్పుడు, ‘ద’కూ ‘ధ’కూ ఉన్న తేడా అడుగున ఉండే చిన్న గీత మాత్రమే కాబట్టి, దాన్ని కావాలనే కొంచెం పొడుగ్గా, లావుగా దించాలి.

అక్షరాలను మొదట పాత దినపత్రిక మీద నిజమైన కొలతకు రాసి, కత్తిరించి, గుడ్డ మీద పరిచి చూసుకోవాలి. సుద్ద రాసిన దారాన్ని ఇద్దరు రెండు కొసలా బిగించి పట్టుకుని మధ్యలో లాగి వదిలితే గుడ్డ మీద తిన్నని గీత పడుతుంది. ఆ గీత మీద కాగితపు అక్షరాలను గుండుసూదులతో నిలిపి, చుట్టూ సుద్దముక్కతో గీసి, లోపల ఫ్యాబ్రిక్ పెయింట్ నింపాలి. గుడ్డ కింద ప్లాస్టిక్ షీటు తప్పక పరచాలి, లేకపోతే రంగు దిగి నేలకు అంటుకుంటుంది. కోరా గుడ్డ మీద నలుపు, ముదురు ఎరుపు బాగా కనిపిస్తాయి, పసుపు కనిపించదు. తోలుబొమ్మల్లో ఉండే ఆకుపచ్చను అంచు గీతకు వాడుకోవచ్చు. 24 గంటలు ఆరిన తరువాత వెనుక వైపు నుంచి ఇస్త్రీ చేయాలి.

కట్టడం

రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగే సీమ ఇది, ఆషాఢ శ్రావణాల్లో మధ్యాహ్నం దాటితే గాలి ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. గాలి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా వీస్తే ఇంత బ్యానర్ మీద సుమారు 11 కిలోల బరువంత ఒత్తిడి పడుతుంది, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. నేను మొదటిసారి కట్టిన బ్యానర్‌కు నాలుగు మూలలా రింగులు కొట్టించి, నైలాన్ తాడుతో వీణతీగలా బిగించాను. రెండో రోజు మధ్యాహ్నం ఒక్క విసురుకు పై మూల రింగు దగ్గర మొదలైన చిరుగు పర్రుమంటూ అక్షరాల దాకా వచ్చింది. లాగుడంతా గుడ్డలోని ఆ వేలెడంత చోట పడడమే దానికి కారణం.

కాబట్టి తాడు గుడ్డకు కాక కర్రకు కట్టాలి. పై నేఫాలో 9 అడుగుల వెదురు కర్ర దూర్చి, రెండు కొసలా బయటికి వచ్చిన ఆరేసి అంగుళాల భాగానికి తాడును రెండు చుట్లు చుట్టి ముడివేసి, స్టాలు పైపుకు కట్టాలి. కర్ర నేఫాలో పక్కకు జారకుండా అంచుల దగ్గర నాలుగు కుట్లు వేయాలి. కింది నేఫాలో కొంచెం సన్నని కర్ర దూర్చి, దాని కొసలను తాడుతో కాకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో పక్క పైపులకు కట్టాలి. గాలి విసిరినప్పుడు ట్యూబు సాగి, తగ్గగానే బ్యానర్‌ను మళ్లీ తన చోటికి తెస్తుంది. గుడ్డకు అర్ధచంద్రాకారంలో గాలి కోతలు పెట్టమని కొందరు చెబుతారు గానీ, వాటి వల్ల కలిగే మేలు కంటే గుడ్డ బలహీనపడడమే ఎక్కువని నా అభిప్రాయం.

కింది అంచు నేల నుంచి 7 అడుగుల ఎత్తులో ఉంటే తలలు తగలవు, లోపలి దీపాలు కూడా బయటికి కనిపిస్తాయి. కరెంటు స్తంభాలకు, తీగలకు కట్టకూడదు, వేడెక్కే బల్బులకు గుడ్డ తగలకూడదు. నిచ్చెన ఎక్కినప్పుడు కింద ఒకరు పట్టుకుని ఉండాలి. మైదానం నేల ఒకవైపు వాలుగా ఉండవచ్చు కాబట్టి, ముడులు బిగించే ముందు ఒకరు 40 అడుగులు వెనక్కి వెళ్లి ఫోన్‌తో ఫొటో తీసి, వంకర ఉంటే అప్పుడే సరిచేయించాలి. రోజూ ఉదయం స్టాలు తెరిచేటప్పుడు ముడులను, ట్యూబులను ఒకసారి చేత్తో లాగి చూసుకోవాలి.

మేళా ముగిశాక బ్యానర్‌లో తేమ లేకుండా ఆరబెట్టి, రాత వైపు బయటికి ఉండేటట్టు పై కర్రకే చుట్టి, పాత చీర ముక్కలో కట్టి నిలువుగా పెట్టాలి. మడతపెడితే ఆ మడతల దగ్గరే రంగు పగులుతుంది.