త్సుమాగోను తొందరపడకుండా చూడాలంటే

నగోయా వచ్చిన మనవాళ్లు పాత జపాన్ చూడాలంటే నేను కిసో లోయలో ఉన్న త్సుమాగోకే పంపిస్తాను. ఎడో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటో వెళ్లే నకసెండో బాటలో 69 మజిలీలు ఉండేవి. వాటిలో ఇది 42వది.

నకత్సుగావా దాకా రైలు, అక్కణ్ణించి పక్క మజిలీ మగోమేకి బస్సు. మిగతా 8 కిలోమీటర్లూ నడవండి. మగోమే వైపు నుంచి మొదలుపెడితే ఎక్కుడు తక్కువ. దాదాపు 800 మీటర్ల ఎత్తున్న కనుమ దాటాక అంతా దిగుడే. దారిలో ఎలుగుబంట్లను బెదరగొట్టే గంటలు కనిపిస్తాయి, గట్టిగా మోగించండి.

ఊళ్లోకి రాగానే ఫొటోలు మొదలుపెట్టకుండా దారి మలుపు దగ్గర కాసేపు ఆగండి. బాట అక్కడ రెండుసార్లు అడ్డంగా తిరుగుతుంది. శత్రువులు ఒక్క ఊపున దూసుకు రాకుండా అలా కట్టారు. సామాను మోసిన కూలీల సంగతి కూడా ఇక్కడే తలుచుకోవాలి. ఒక మజిలీ నుంచి వచ్చిన బరువును దించి, కొత్త మనుషులకూ కొత్త గుర్రాలకూ ఎత్తి తర్వాతి మజిలీకి పంపడమే ఈ ఊరి అసలు పని. కిసో లోయలోని మజిలీలు ఒక్కొక్కటీ 25 మందిని, 25 గుర్రాలను సిద్ధంగా ఉంచాలి. 1861లో దేశాన్ని ఏలే సైనిక పాలకుడు షోగన్‌ను పెళ్లాడడానికి కజునోమియా యువరాణి ఈ బాటనే వెళ్లింది. అంత పెద్ద ఊరేగింపుకి ఆ పాతిక మంది ఏం సరిపోతారు? చుట్టుపక్కల పల్లెలవాళ్లు పొలం పనులు వదిలి రావాల్సిందే. ప్రభువుల విడిది హోన్‌జిన్‌ను ఇది తెలిశాకే చూడాలి. ఇప్పుడున్నది 1995లో తిరిగి కట్టింది.

ఎక్కువ సమయం మాత్రం ఓకుయాకి ఇవ్వండి. రెండో విడిదిగా ఉన్న ఇల్లది, 1877లో మళ్లీ కట్టారు. షోగన్లు పాలించిన ఎడో కాలంలో ఇక్కడి అడవుల్లో హినోకి (జపాన్ సైప్రస్) చెట్టు కొడితే తల పోయేది. ఆ నిషేధం పోయాక కట్టిన ఇల్లు కాబట్టి దూలాలు, స్తంభాలు అన్నీ హినోకియే! పొయ్యి పొగకి చెక్కంతా నల్లబడి నిగనిగలాడుతుంది. చలికాలంలో కిటికీ కమ్మీల గుండా ఎండ ఏటవాలుగా పడి, ఆ పొగలో చారలు చారలుగా కనిపిస్తుంది. కుదిరితే ఆ రోజుల్లోనే వెళ్లండి.

1911లో పూర్తయిన చువో రైలుమార్గం ఊళ్లోంచి పోలేదు. బాట మీద రాకపోకలు తగ్గి ఊరు ఖాళీ అవుతూ వచ్చింది. 1968లో ఇళ్ల మరమ్మతు మొదలైంది. అమ్మం, అద్దెకివ్వం, కూల్చం అని 1971లో ఊరివాళ్లే మాట పెట్టుకున్నారు. నా దృష్టిలో ఏ ప్రభువు విడిది కంటే ఇదే గొప్ప.

సాయంత్రమయ్యేసరికి దుకాణాలు మూసేస్తారు, బస్సులూ తక్కువే. బస్సు తప్పితే టెన్షన్ పడొద్దు, నగిసో స్టేషన్ దాకా నడక దూరమే.