రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు

తొలిదశే అని డాక్టర్ చెప్పాక కొన్ని రోజులు ఆలోచించుకోవచ్చు. టెన్షన్‌లో సంతకం పెట్టకండి.

• "మొత్తం తీసేస్తేనే భద్రం" అంటారు బంధువులు. గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షులో తేడా లేదని 20 ఏళ్ల పరిశీలనలో తేలింది. ఆ ఫలితాలు 2002లోనే వచ్చాయి. ఆపరేషన్ చేయించుకునే ఆమెకు ఏది ఇష్టమో ముందు ఆమెనే అడగండి, దయచేసి.

• రేడియేషన్ మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం దాకా, 3 నుంచి 5 వారాలు. తెనాలి నుంచి గుంటూరుకు రోజూ తోడెవరు?

• గర్భవతి అయినా, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ తీసుకున్నా తప్పక చెప్పండి.

• చంకలో గ్రంథులన్నీ తీయాలా, సెంటినెల్ నోడ్ పరీక్ష (క్యాన్సర్ ముందుగా చేరే కొన్ని గ్రంథులు మాత్రమే తీసి చూడటం) సరిపోతుందా? అన్నీ తీస్తే చెయ్యి వాచే అవకాశం ఎక్కువ.

• గడ్డతో పాటు తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ కణాలు కనిపిస్తే మళ్లీ ఆపరేషన్ పడొచ్చు.

• బయాప్సీ రిపోర్టు, మామోగ్రామ్ ఫిల్ములు, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఒకే ఫైల్లో.