డీహైడ్రేటర్‌లో ఆహారం ఎండబెట్టడం: కొత్తగా మొదలుపెట్టేవారికి

డీహైడ్రేటర్‌లో ఉండేవి ముఖ్యంగా రెండే: గాలిని వేడిచేసే హీటర్, ఆ గాలిని జల్లెడలాంటి ట్రేల మీదుగా నడిపించి తేమను బయటికి తోసే ఫ్యాన్. కొత్తవారి దృష్టి అంతా వేడి మీదే ఉంటుంది గాని, ఎండబెట్టే పనిలో గాలి పాత్ర అంతకు తక్కువేమీ కాదు. అందుకే ముక్కలను ఒకదానిపై ఒకటి పడకుండా, నడుమ కాస్త ఖాళీ ఉండేలా పరచాలి. యంత్రం ఎంచుకునేటప్పుడు ఉష్ణోగ్రతను మార్చుకునే వీలుందో లేదో ముందు చూసుకోవాలి. ట్రేల సంఖ్య ఆ తరువాతి మాట. ఫ్యాన్ వెనుక వైపున ఉంటే గాలి అన్ని ట్రేలకూ ఇంచుమించు సమానంగా అందుతుంది. అడుగున ఉంటే కింది ట్రేలు ముందుగా ఎండిపోతాయి కనుక, మధ్యమధ్యలో వాటిని పైకీ కిందికీ మార్చుతూ ఉండాలి.

తొలి ప్రయత్నానికి ఆపిల్ మంచి ఎంపిక. దానిని 5 మిల్లీమీటర్ల మందంలో చక్రాలుగా కోసి, రంగు మారకుండా నిమ్మరసం కలిపిన నీటిలో కొద్ది నిమిషాలు ఉంచి, తడి తుడిచి ట్రేలో పరిస్తే చాలు. ముక్కలన్నీ ఒకే మందంలో ఉండటం అన్నిటికంటే ముఖ్యం. లేకుంటే పలుచనివి పెళుసెక్కే సమయానికి మందపాటివి ఇంకా పచ్చిగానే ఉంటాయి. క్యారెట్, బీన్స్ వంటి కూరగాయలకు మూడు నాలుగు నిమిషాలు ఆవిరి పట్టి, వెంటనే చల్లార్చాలి. రంగును, రుచిని చెడగొట్టే ఎంజైములు ఆ వేడికి పనిచేయకుండా పోతాయి. ఉల్లిపాయలకు, పుట్టగొడుగులకు ఈ శ్రమ అవసరం లేదు, కాకపోతే ఉల్లి వాసన పక్క ట్రేలోని పండ్లకు పట్టకుండా దానిని విడిగా ఎండబెట్టడం మేలు.

పుదీనా వంటి ఆకులకు సుమారు 35 డిగ్రీల సెల్సియస్, కూరగాయలకు 52, పండ్లకు 57 డిగ్రీలు సరిపోతాయి. త్వరగా అయిపోవాలని వేడి పెంచడమే కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు. లోపలి తేమ పైకి చేరేలోపే ముక్క పైపొర గట్టిపడి, ఆ తేమకు దారి మూసేస్తుంది. చేతికి గట్టిగా తగలడంతో ఎండిందనుకుని సీసాలో పెడితే, కొద్ది రోజులకే బూజు కనిపిస్తుంది. దీనికి తరువాత చేయగలిగిన మరమ్మతు ఏమీ లేదు. మొదటి నుంచీ మితమైన వేడి మీద ఉంచడమే మార్గం.

ఆపిల్ ముక్కలకు 6 నుంచి 12 గంటలు పట్టవచ్చు. ఇంత తేడా ఎందుకంటే మందం, ట్రేల నిండుదనం, గదిలోని తేమ అన్నీ సమయాన్ని మారుస్తాయి. కాబట్టి గడియారం కంటే వేళ్లను నమ్మడం మంచిది. అయితే వేడిగా ఉన్న ముక్క అసలు కంటే మెత్తగా అనిపిస్తుంది. రెండు మూడింటిని బయటికి తీసి, పూర్తిగా చల్లారాక పరీక్షించాలి. పండు ముక్కను తుంచితే తడి కనిపించకూడదు, వంచితే తోలులా వంగాలి. కూరగాయ ముక్క పుటుక్కున విరగాలి.

చాలామంది వదిలేసే పని ఒకటి ఇక్కడ మిగిలి ఉంటుంది. చల్లారిన పండ్ల ముక్కలను గాజు సీసాలో మూడింట రెండు వంతుల వరకు మాత్రమే నింపి, మూత బిగించి, వారం పది రోజుల పాటు రోజూ ఒకసారి కుదపాలి. ఎక్కువ ఎండినవి తక్కువ ఎండిన వాటి నుంచి తేమ పీల్చుకుని అన్నీ సమమవుతాయి. సీసా లోపలి గోడకు నీటి చెమ్మ కనబడితే వాటిని తిరిగి యంత్రంలో పెట్టాలి. బూజు కనబడితే సీసాలోని మొత్తాన్నీ పారేయాలి.

నిల్వకు చల్లని, చీకటి చోటు కావాలి. సుమారు 15 డిగ్రీల వద్ద ఏడాది నిలిచే పండ్లు 27 డిగ్రీల వద్ద ఆరు నెలలే నిలుస్తాయి. కూరగాయల ఆయుష్షు అందులో దాదాపు సగం. మూత తీసిన ప్రతిసారీ గాలిలోని తేమ లోపలికి చేరుతుంది కనుక, ఒక పెద్ద డబ్బా కంటే ఒక్కో వాడకానికి సరిపడే చిన్న సీసాలలో నింపి, తేదీ రాసి పెట్టుకోవడం మంచిది.