బడి గ్రంథాలయాలకు ఉమ్మడి క్యాటలాగ్: ఎలా చేయాలి?

కడప జిల్లాలో నాలుగైదు ఉన్నత పాఠశాలలు కలిసి ఒకే క్యాటలాగ్ పెట్టుకుంటామని పిలిచినప్పుడల్లా నేను సంతోషంగానే వెళ్తాను. కానీ నేను చేరేసరికి చాలాచోట్ల పని సగం చెడిపోయి ఉంటుంది. ఒకే పుస్తకానికి ఏడు రికార్డులు, అంటే ఏడు వర్ణనలు, ఉంటాయి, లేదా ఏడు పుస్తకాలు ఒకే రికార్డు కింద ఇరుక్కుని ఉంటాయి. మొదటి తప్పు విసుగు పుట్టిస్తుంది, రెండో తప్పు పుస్తకాన్నే మాయం చేస్తుంది.

ఉమ్మడి క్యాటలాగ్ అంటే అన్ని బడుల జాబితాలనూ ఒకచోట కుప్ప పోయడం కాదు. ఒక పుస్తకాన్ని ఎవరో ఒక్కరే సరిగా వర్ణించి పెడితే, అదే పుస్తకం ఉన్న మిగతా బడులు ఆ వర్ణనకు తమ ప్రతిని మాత్రమే తగిలించుకోవడం. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తాను తయారుచేసిన కార్డులను అచ్చువేసి 1901 నుంచే ఇతర గ్రంథాలయాలకు అమ్మింది. ఒహాయో రాష్ట్రపు కళాశాలలు 1971లో ఇదే పనిని కంప్యూటరు మీదికి తెచ్చాయి. మనం చేయబోయేది ఆ పద్ధతికే చిన్న రూపం.

కావలసినవి

కంప్యూటరు ఒకటి, 8 జీబీ మెమరీతో, దానికి యూపీఎస్, ప్రతి బడిలో ఇంటర్నెట్ ఉన్న ఇంకొక కంప్యూటరు, బార్‌కోడ్ చదివే యంత్రం, వీలైతేనే. సాఫ్ట్‌వేర్ గ్రంథాలయాల కోసమే చేసిన కోహా. న్యూజిలాండ్‌లోని హొరోఫెనువా గ్రంథాలయ సంస్థ కోసం 1999లో తయారై, 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే పెట్టుకోవచ్చు. ఎక్సెల్ చాలదా అని ప్రతిచోటా ఒకరు అడుగుతారు. చాలదు. ఎక్సెల్‌లో పుస్తకమూ ప్రతీ ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి ఒక పుస్తకానికి పది ప్రతులుంటే పది వరుసలు తప్పవు. ఆ పది వరుసల్లో రచయిత పేరు పది రకాలుగా ఉండడం నేను కళ్లారా చూశాను.

కోహా పెట్టేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. అందులో వెతుకులాట చూసే జీబ్రా అనే భాగాన్ని మొదటి రోజే, యూనికోడ్ లిపులను అర్థం చేసుకునే ఐసీయూ అనే పద్ధతికి మార్చాలి. లేకపోతే తెలుగు మాటలను అది సరిగా విడదీయలేదు. పెట్టేవారు ఇంగ్లీషు పుస్తకంతో పరీక్షించి అంతా బాగుందంటారు. తెలుగు పుస్తకం ఒకటి వెతికి చూపించే వరకు వారిని వదలవద్దు.

తొలి మెట్లు

కోహాలో ఒక్కో బడిని ఒక్కో శాఖగా చేర్చండి. ప్రతి బడికీ రెండంకెల నంబరు ఇవ్వండి. వచ్చిన పుస్తకాలను వరుస నంబర్లతో రాసుకునే అక్సెషన్ రిజిస్టరు ప్రతి బడిలోనూ ఒకటితోనే మొదలవుతుంది కనుక, ఉత్త అక్సెషన్ నంబరునే బార్‌కోడ్‌గా వాడితే రెండో బడి చేరిన రోజే గొడవ మొదలవుతుంది. రెండంకెల బడి నంబరు, దాని పక్కన ఐదంకెల అక్సెషన్ నంబరు: మూడో బడిలోని 437వ పుస్తకం 0300437 అవుతుంది. తెలుగు అక్షరాలూ, గీతలూ, చుక్కలూ ఇందులో కలపవద్దు.

వర్గీకరణకు, అంటే ఒక్కో విషయానికి ఒక్కో అంకె ఇవ్వడానికి, డ్యూయీ దశాంశ పద్ధతి చాలు. తెలుగు సాహిత్యం 894.827, అందులో కవిత్వం 894.8271, కథలూ నవలలూ 894.8273. బడి గ్రంథాలయానికి ఇంతకు మించి అంకెలు పెంచకూడదు. శతాబ్దం వారీగా, రచయిత వారీగా తోక పొడిగించుకుంటూ పోతే ఆ నంబరు పుస్తకం వీపు మీద పట్టదు.

వర్ణనను మార్క్ 21 పద్ధతిలో రాయాలి. అందులో ఒక్కో వివరానికి మూడంకెల నంబరున్న ఒక్కో గడి ఉంటుంది. 020లో ఐఎస్‌బిఎన్ (పుస్తకం మీద అచ్చయ్యే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య), 100లో రచయిత, 245లో పేరు, 250లో కూర్పు, 264లో ప్రచురణ వివరాలు, 300లో పుటల సంఖ్య. ఇంగ్లీషు పుస్తకాల రికార్డులను, వేరే క్యాటలాగ్‌లలో వెతికి రికార్డు తెచ్చిపెట్టే జెడ్ 39.50 అనే పద్ధతి ద్వారా పెద్ద గ్రంథాలయాల నుంచి నేరుగా తెచ్చుకోండి. తెలుగు పుస్తకాలకు ఆ దారి సగమే పనికొస్తుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెలుగు పుస్తకాలు చాలానే ఉన్నాయి గానీ, వాటి పేర్లు ప్రధానంగా రోమన్ లిపిలో, అక్షరాల పైన గీతలతో, కింద చుక్కలతో ఉంటాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడు అలా వెతకడు. అందుకే 245లో తెలుగు పేరు, 246లో రోమన్ పేరు ఉండాలి. దీన్ని తిరగేసి రాసేవారున్నారు. వారి గ్రంథాలయంలో తెలుగు పిల్లలు లేరనుకుంటాను.

పాత జాబితాలు ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలో ఉంటే, ముందు ఏ కంప్యూటరులోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఒక బడివారు రెండేళ్లు కష్టపడి చేసిన జాబితాను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. వేరే కంప్యూటరులో తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు, అన్నీ రోమన్ అక్షరాలూ గుర్తులూ. మార్చే ఉపకరణాలు ఉన్నాయి, కానీ మార్చిన తరువాత ఒత్తులను ఒక్కొక్కటిగా చదివి సరిచూడక తప్పదు.

జంట రికార్డులను గుర్తించి కలపడం

ఇప్పటిదాకా చెప్పినదంతా ఎవరైనా చేస్తారు. క్యాటలాగ్ నిలిచేదీ కూలేదీ ఇక్కడే. ఒక బడి రికార్డులను ఉమ్మడి క్యాటలాగ్‌లోకి దించేటప్పుడు, ఈ పుస్తకం ఇప్పటికే ఉన్నదా, కొత్తదా అని తేల్చాలి. కోహాలో దీనికి మ్యాచింగ్ నియమాలు ఉంటాయి. ఐఎస్‌బిఎన్ కలిస్తే ఒకే పుస్తకం అనుకొమ్మని యంత్రానికి చెప్పవచ్చు. ఇంగ్లీషు పుస్తకాలకు చెప్పండి. తెలుగు పుస్తకాలకు చెప్పకండి.

కారణం అనుభవమే. ఒక ప్రచురణ సంస్థ ఎనిమిది పిల్లల కథల పుస్తకాలను ఒక సెట్టుగా వేసి, ఎనిమిదింటి వెనుక అట్ట మీదా ఒకే ఐఎస్‌బిఎన్ అచ్చువేసింది. మేము ఐఎస్‌బిఎన్‌ను నమ్మి రాత్రికి రాత్రి దించాం. తెల్లవారేసరికి ఎనిమిది పుస్తకాలు ఒకే పేరు కింద, ఐదు బడుల నుంచి ముప్ఫైకి పైగా ప్రతులతో కూర్చున్నాయి. దించినదాన్ని వెనక్కి తీసే సదుపాయం కోహాలో ఉన్నది. కానీ అప్పటికే కొన్ని ప్రతులు పిల్లల ఇళ్లకు వెళ్లిపోవడంతో అది సాఫీగా సాగలేదు. అక్సెషన్ రిజిస్టర్లు చంకన పెట్టుకుని కడప నుంచి ప్రొద్దుటూరుకు, అక్కడి నుంచి జమ్మలమడుగుకు బస్సులో తిరిగి ఒక్కో ప్రతినీ విడదీశాను. రెండు రికార్డులను కలపడానికి కోహాలో రెండు నొక్కులు చాలు. కలిపినవాటిని మళ్లీ విడదీయడానికి మాత్రం ఏ నొక్కూ లేదు.

పాత తెలుగు పుస్తకాలలో చాలావాటికి అసలు ఐఎస్‌బిఎన్ ఉండదు. మరి పేరును నమ్మవచ్చా? వేమన పద్యాలను తీసుకోండి. మా పక్క ప్రతి బడిలోనూ ఆ పేరుతో కనీసం మూడు పుస్తకాలుంటాయి. ఒకటి తాత్పర్యంతో, ఒకటి ఉత్త పద్యాలతో, ఒకటి పిల్లల కోసం ఎంచిన నూరు పద్యాలతో. మూడింటి మీదా వేమన పేరే ఉంటుంది కాబట్టి పేరు, రచయిత కలిశాయి కదా అని యంత్రం మూడింటినీ కలిపేస్తుంది. తాత్పర్యం కావాలని పొరుగు బడి నుంచి పుస్తకం తెప్పించుకున్న పిల్లకు ఉత్త పద్యాలు చేతికొస్తాయి. కడపలో ఉన్న రోజుల్లో సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యపు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి వారిచేత పోల్పించేవాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించింది కూడా ఎన్నో ప్రతులు సేకరించాకే. మన ముందున్న పని అంతకన్నా చాలా చిన్నది, కానీ పుస్తకాలను ఎదురెదురుగా పెట్టకుండా అదీ జరగదు.

దీనికి వ్యతిరేకమైన చిక్కు ఒకే పుస్తకం వేరువేరుగా కనిపించడం. ఒక బడిలో ప్రేమ్‌చంద్ అని, రెండో బడిలో ప్రేమ్చంద్ అని, మూడో బడిలో మధ్యలో ఖాళీ వదిలి ప్రేమ్ చంద్ అని కొడతారు. మొదటి దానిలో మ్‌కూ చకూ నడుమ కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. మనిషికి మూడూ ఒకటే, యంత్రానికి మూడూ వేరు. రచయితల కలం పేర్లతో ఇంకా చిక్కు. శ్రీశ్రీ అని కొందరు, శ్రీరంగం శ్రీనివాసరావు అని కొందరు, ఇంగ్లీషు పద్ధతిలో ఇంటిపేరు వెనక్కి నెట్టి కామా పెట్టి కొందరు రాస్తారు. దీనికి రచయితల పేర్ల ఫైలు ముందే తయారుచేసుకోవాలి. స్థిరమైన పేరు 100లో, మిగతా రూపాలన్నీ 400లో. పుస్తకం మీద ఏ పేరు ప్రముఖంగా అచ్చయిందో అదే స్థిరమైన పేరు కావాలి, ఇంటిపేరు ముందే ఉండాలి, కామా ఉండకూడదు. ఊరి పేర్లూ అంతే. రోమన్ లిపిలో కడప వర్ణక్రమం 2005లో మారింది గనుక పాత పుస్తకాల రికార్డుల్లో ఆ పాత రూపమే కనిపిస్తుంది. దాన్ని చూసి వేరే కూర్పు అని భ్రమపడవద్దు.

కలపాలా వద్దా అన్నది తేల్చేది శీర్షిక పుట వెనుక పేజీ. అట్టను చూసి ఎన్నడూ తేల్చవద్దు, అట్ట ప్రతి ముద్రణకూ మారుతుంది. వెనుక పేజీలో ప్రథమ ముద్రణ, ద్వితీయ ముద్రణ, ప్రతులు వెయ్యి అని చిన్న అక్షరాల్లో వరుసగా ఉంటుంది. మన ప్రచురణకర్తలు పాత పుస్తకాన్నే మళ్లీ అచ్చువేసినా ద్వితీయ ముద్రణ అంటారు, నాలుగు అధ్యాయాలు చేర్చినా ద్వితీయ ముద్రణే అంటారు. కాబట్టి ఆ మాటను కాక, పుటల సంఖ్యను చూడాలి. ప్రచురణకర్త ఒకరే, పుటలు సమానం అయితే ఒకే రికార్డు. ఏడాదీ ధరా వేరైనా ఫరవాలేదు. పుటలు తేడా వస్తే, ముందుమాట ఒకటి కొత్తగా చేరడం వల్లనా, లోపలి విషయం మారడం వల్లనా అని విషయసూచిక తెరిచి చూడాలి. విషయం మారితే వేరే రికార్డు. అనువాదకుడు వేరైతే చర్చే లేదు, వేరే రికార్డు.

రెండు ప్రతులు రెండు ఊళ్లలో ఉంటాయి కదా అంటారు. అవతలి బడి ఉపాధ్యాయుడికి ఫోన్ చేసి, శీర్షిక పుట ముందూ వెనుకా, చివరి పుట నంబరూ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపమనండి. రెండు నిమిషాల పని. ఫొటో రాకుండా కలపవద్దు, జ్ఞాపకం మీద కలపవద్దు. సాయంత్రం బడి విడిచాక అలసటతో అసలు కలపవద్దు. కలిపే అధికారం కోహాలో ఇద్దరికి మించి ఇవ్వకూడదు, ఆ ఇద్దరిలో ఒకరైనా పుస్తకాలు చదివే మనిషై ఉండాలి. కంప్యూటరు బాగా తెలిసినవారికే ఈ పని అప్పగించాలన్న వాదనను నేను ఒప్పుకోను. నొక్కడం ఒక పూటలో నేర్పవచ్చు, రెండు వేమన పుస్తకాల మధ్య తేడా పసిగట్టడం నేర్పలేం.

కాబట్టి తెలుగు రికార్డులను నేరుగా క్యాటలాగ్‌లోకి దించకుండా, కోహాలోని తాత్కాలిక నిలువలో యాభై చొప్పున పెట్టండి. యంత్రం జంట అని అనుమానించిన వాటిని కాగితం మీద అచ్చుతీసి, ఒక్కోదాని పక్కన కలపాలి, కలపరాదు, ఫొటో కావాలి అని పెన్సిలుతో రాయండి. ఫొటో కావాలి అన్నవి ప్రతి శనివారం తేల్చాలి. ఆ జాబితా ఇరవై దాటితే కొత్త పుస్తకాల నమోదు ఆపి, ముందు దాన్ని ఖాళీ చేయాలి.