ఇంగ్లీషు చదివితే వస్తోంది, వింటే రావడం లేదు

సమస్య: పేపరు చదివితే అర్థమవుతోంది, ఎవరైనా మాట్లాడితే ముక్క అందడం లేదు.

మా విజయనగరంలో డిగ్రీ చేసి విశాఖలో ఉద్యోగాలకి తిరిగే పిల్లలు ఎక్కువగా చెప్పేది ఇదే. "వాళ్లు స్పీడుగా మాట్లాడేస్తున్నారండీ" అంటారు. కొంత నిజమే గానీ, అసలు కారణం వేరు. మనం ఇంగ్లీషుని కళ్లతో నేర్చుకున్నాం. తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషువాళ్లు ముఖ్యమైన ఒకటి రెండు మాటల్ని ఒత్తి పలికి, చిన్నమాటల్ని మింగేస్తారు. 'వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ' అన్నది చెవికి 'వాడయ గొనడూ' అన్నట్టు తగులుతుంది. పుస్తకంలో 'ఏమి చెప్పుచున్నావు' అని నేర్చుకున్నవాడు మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి 'ఏటి సెప్తన్నావు' వింటే ఏమవుతాడో, మనమూ అదే అవుతున్నాం.

పరిష్కారం: ఒక్క నిమిషం ఇంగ్లీషు మాటల వీడియో తీసుకోండి. కింద అక్షరాలు (సబ్‌టైటిల్స్) రాకుండా ఆపేసి, మూడుసార్లు వినండి. ఎలా వినబడితే అలా తెలుగు లిపిలోనే రాయండి, తప్పులున్నా పర్వాలేదు. తర్వాత అక్షరాలు పెట్టి పోల్చుకోండి. ఎక్కడ తప్పారో అక్కడే మాటలు కలిసిపోయి ఉంటాయి. ఆ ముక్కని వాళ్లతో పాటే పైకి అనండి. రెండు గంటల సినిమా వేసుకుని కింద అక్షరాలు చదువుతూ కూర్చుంటే మళ్లీ పని కళ్లకే. మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర అనే గిరిజన భాష నేర్చుకునేనాటికి దానికి లిపే లేదు. సవరలు మాట్లాడుతుంటే విని రాసుకోవడం తప్ప ఆయనకి వేరే దారి లేదు.

సమస్య: మీరు ఒకటి చెబితే వాళ్లకి ఇంకోటి అర్థమవుతోంది.

ఓ కుర్రాడిని ఫోన్ ఇంటర్వ్యూలో "మెయిల్ రాలేదా?" అని ఇంగ్లీషులో అడిగారు. రాలేదు కాబట్టి 'యస్' అన్నాడు. వచ్చిందనుకుని పెట్టేశారు. తెలుగులో 'అవును, రాలేదు' అంటే తప్పులేదు, అడిగినవాడి మాటకి ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషులో 'యస్', 'నో'లు జరిగినదాన్ని బట్టి ఉంటాయి. రాకపోతే 'నో, ఐ డిడ్న్ట్ గెట్ ఇట్' అనాలి. తికమకగా ఉంటే ఆ రెండు మాటలూ వదిలేసి, మిగతా వాక్యం చెప్పండి చాలు.

సమస్య: మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

తెలుగులో క్రియ చివర వస్తుంది. మనసులో తెలుగు వాక్యం పూర్తయ్యేదాకా ఆగి, దాన్ని తిరగేస్తున్నారు. అలా వద్దు. ఎవరు, ఏం చేస్తున్నారు అన్నది ముందు అనేయండి: 'ఐ యామ్ గోయింగ్'. పలాసకా, రేపా, ఎందుకు అన్నవి ఒక్కొక్కటే తర్వాత తగిలించండి.

సమస్య: ఉచ్చారణకి నవ్వుతున్నారు.

'ఇస్కూలు', 'బస్సు' అన్నా అర్థమవుతుంది, దానికి టెన్షన్ వద్దు. అర్థం మారే చోటే జాగ్రత్త. పడమర అనే 'వెస్ట్', బనియన్ అనే 'వెస్ట్' మనకి ఒకటే, వాళ్లకి రెండు. పడమరకి పెదాలు సున్నాలా చుట్టాలి, బనియన్‌కి పైపళ్లు కింది పెదవికి ఆనాలి. అద్దం ముందు రోజూ పదిసార్లు అనండి.